ఉప్పుగాలిలో పాత పికప్

ముందు క్యాబిన్, వెనుక మూత లేని తొట్టి ఉన్న చిన్న సరకుల బండి పికప్. ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టీ కారుకు ఫ్యాక్టరీలోనే ఉక్కు తొట్టి బిగించి అమ్మడం 1925 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. అంతకుముందు కారు కొన్న అమెరికా రైతు వెనుక సీటు పీకించి, వడ్రంగి చేత చెక్క పెట్టె కట్టించుకునేవాడు. ఆ దేశంలో పాత పికప్‌ను బాగుచేసుకోవడం పెద్ద సరదా. అక్కడివాళ్లు వెతికేవి యుద్ధానంతర కాలపు షెవర్లేలు, ఫోర్డులు. సింగరాయకొండ చుట్టుపక్కల, ఆ మాటకొస్తే కోస్తా ఆంధ్ర మొత్తంలో, పాత పికప్‌ల వంశవృక్షం వేరు. దాని మూలపురుషుడు జీపు.

మహీంద్రా కంపెనీ 1940ల చివర విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ముంబయిలో బిగించడం మొదలుపెట్టింది. 1950ల మధ్యకు సీజే-3బీ అనే నమూనాకు వచ్చింది. ఎత్తైన బానెట్‌తో గుర్తుపట్టే జీపు ఇదే. ఆ ఎత్తుకు కారణం అందం కాదు, ఇంజిన్. యుద్ధకాలపు జీపు ఇంజిన్‌లో రెండు రకాల వాల్వులూ బ్లాకులోనే పక్కగా ఉండేవి. తర్వాతి ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వును పైన హెడ్‌లోకి మార్చి, పొగ బయటకు పోయే వాల్వును కిందే ఉంచారు. ఘనపరిమాణం అదే 2,199 సీసీ. కానీ గాలి దారి తిన్నగా మారడంతో శక్తి 60 గుర్రాల నుంచి 70 పైకి చేరింది. ఎత్తు పెరిగిన ఇంజిన్ పట్టాలంటే బానెట్ లేవాల్సి వచ్చింది.

పంచాయతీ సమితులు ఏర్పడిన 1959 తర్వాత పల్లె జనం ఎక్కువగా చూసిన మోటారు బండి ఆర్టీసీ బస్సు తర్వాత సమితి జీపే. అదే ఇంజిన్ మీద, డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చునేలా ముక్కు లేని క్యాబిన్‌తో, మహీంద్రా 1960ల మధ్య నుంచి ఎఫ్‌సీ రకం పికప్‌లు చేసింది. విల్లీస్ రూపొందించిన ఎఫ్‌సీ-150లో ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 81 అంగుళాలే. అయినా తొట్టి ఆరడుగులకు తగ్గలేదు. ఇబ్బందల్లా తొట్టి ఖాళీగా ఉన్నప్పుడే. బరువంతా ముందు ఉండటంతో గట్టిగా బ్రేకు వేస్తే వెనుక భాగం తేలిపోయేది.

తర్వాతి తరంలో 1969 నుంచి బజాజ్ టెంపో మెటడోర్ వచ్చింది. 1980ల నడుమ జపాన్ కంపెనీల పొత్తుతో నాలుగు చిన్న లారీలు ఒకదాని వెనుక ఒకటి దేశంలో దిగాయి. వాటిలో ఒకటి మన దగ్గరే తయారైంది. గడియారాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ తయారుచేసింది. కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. నాలుగింటిలో మరొకటైన డీసీఎం టయోటా మూతపడి చాలా కాలమైనా పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఏ కంపెనీ మధ్యరకం లారీ అయినా జనం నోట 'డీసీఎం'. ఇవి కాక సైన్యం వేలం వేసిన 'డిస్పోజల్' బండ్లు ఉన్నాయి. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ నమూనాపై చేసిన జోంగాలు, ఒక టన్ను ట్రక్కులు వాటిలో ముఖ్యమైనవి.

నిజాం రోల్స్‌రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. రాజుల కార్లకు ఆ అదృష్టం సహజం. మిరప బస్తాలు, పొగాకు చెక్కులు, పత్తి బోరేలు మోసిన బండిని ఎవరూ దాచరు. విరిగేదాకా తోలి, విరిగాక తుక్కు కొట్టుకు తోలేస్తారు. అందుకే పాత పికప్ పాత కారు కన్నా అరుదు. దొరికినది కూడా కారు కన్నా నాలుగింతలు నలిగి ఉంటుంది.

కాగితం ముందు, బండి తర్వాత

పాత బండి సరదా ఉన్నవాళ్లు ముందు ఇంజిన్ శబ్దం వింటారు. అది తలకిందుల పద్ధతి. ఇంజిన్ అన్నింటికన్నా సులువుగా బాగయ్యే భాగం. రేకు దానికన్నా కష్టం. కాగితం లేకపోతే మిగతా రెండూ బాగున్నా ప్రయోజనం లేదు.

1970 ఫిబ్రవరికి ముందు సింగరాయకొండ నెల్లూరు జిల్లాలో, కందుకూరు తాలూకాలో ఉండేది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా అప్పుడే ఏర్పడింది. రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు వచ్చింది. కాబట్టి ఈ ఊరి 1968 నాటి జీపు కాగితాలు నెల్లూరు పేరుతో ఉంటే అనుమానపడాల్సిన పనిలేదు. ఒంగోలుదైతే అప్పట్లో గుంటూరు జిల్లా. 1989 తర్వాతి నంబర్లలో ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం, ఏపీ 7 గుంటూరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది.

చాసిస్ మీద గుద్దిన నంబరు, ఇంజిన్ బ్లాకు మీది నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. తుప్పు పట్టిన చోట నంబరు కంటికి ఆనదు. ఆ భాగాన్ని కిరసనాయిలుతో తుడిచి, పల్చని కాగితం ఆనించి, పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే అంకెలు తేలతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు చేసేదీ ఇదే. నంబరు ఉన్న చోట వెల్డింగ్ మచ్చ గానీ కొత్తగా అతికిన ముక్క గానీ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడం మేలు.

రెండో చిక్కు ఇంధనం. డీజిల్ చవకగా ఉన్న 1980, 90లలో పెట్రోలు జీపుల ఇంజిన్లు పీకేసి ప్యూజో, మెటడోర్ డీజిల్ ఇంజిన్లు బిగించడం ఊరూరా జరిగింది. చాలామంది ఆ మార్పును ఆర్సీలో రాయించలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది నేరమే. మూడోది పన్ను. సరకుల బండిగా రిజిస్టరైన పికప్‌ను షెడ్డులో పెట్టేసి, ఆపేసినట్టు రవాణా శాఖకు తెలపకపోతే పన్ను బకాయి పేరుకుపోతూనే ఉంటుంది. కొన్నవాడు బండితోపాటు ఆ బకాయినీ కొన్నట్టే. ఇక ప్రభుత్వ శాఖల వేలం జీపులు ఒకప్పుడు ఈ సరదాకు పెద్ద వనరు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది కాబట్టి ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది.

తుప్పు ఎలా తింటుంది

సింగరాయకొండకు పాకల సముద్రతీరం దగ్గరే. అల విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలోనే ఆరి ఉప్పు రేణువుగా మారి లోపలికి కొట్టుకొస్తుంది. ఇక్కడి బండి పరిస్థితి రాయలసీమ బండిలా ఉండదు.

ఇనుముకు తుప్పు పట్టాలంటే నీళ్లూ ఆక్సిజనూ రెండూ కావాలి. రేకు మీద సన్నని నీటిపొర చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఒకచోట ఇనుప పరమాణువు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా పక్కకు పోయి, అక్కడ నీటినీ ఆక్సిజన్‌నూ కలిపి హైడ్రాక్సైడ్‌గా మారుస్తాయి. కరిగిన ఇనుమూ ఈ హైడ్రాక్సైడూ కలిశాక ఎర్రమట్టి లాంటి పదార్థం మిగులుతుంది. అదే తుప్పు. వట్టి నీరు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు కాబట్టి పని నిదానంగా సాగుతుంది. ఉప్పు కలిస్తే ఆ దారి తెరుచుకుంటుంది. పైగా క్లోరైడ్ అయాన్లు లోహం మీద రక్షణగా ఏర్పడే పొరను కూడా తొలిచేస్తాయి.

ఉప్పు చేసే మరో పని అంతగా ఎవరికీ తెలియదు. శుభ్రమైన రేకు మీద గాలిలో తేమ 60 శాతం దాటితే గానీ తుప్పు వేగం అందుకోదు. వంట ఉప్పు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని పీల్చి తనంతట తానే ద్రవమవుతుంది. వానాకాలంలో జాడీలోని ఉప్పు చెమర్చడం ఇందుకే. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే తడుస్తుంది. అంటే ఎండలు మండే మే నెల మధ్యాహ్నం కూడా తీరప్రాంతపు బండి రేకు మీద కంటికి కనపడని తడి మిగిలే ఉంటుంది. వాన పడకపోయినా తుప్పు ఆగదు.

తుప్పు బయటి పలక కన్నా అతుకుల్లో ఎక్కువ పడుతుంది. రెండు రేకుల సందులో చిక్కిన నీటికి ఆక్సిజన్ తక్కువ, బయటి నీటికి ఎక్కువ. ఈ తేడా వల్ల సందులోని ఇనుమే కరిగే వైపవుతుంది. బయట మెరుస్తున్న బండి అడుగు చిల్లులు పడటం వెనుక రహస్యం ఇదే. ఇనుము తుప్పుగా మారితే పరిమాణం రెండింతల నుంచి ఆరింతల దాకా పెరుగుతుంది. సందులో పుట్టిన తుప్పు పొరలుపొరలుగా ఉబ్బి రెండు రేకులనూ విడదీస్తుంది. రివెట్ల వరస మధ్య రేకు అలలా లేచి ఉంటే లోపల జరిగింది అదే.

దీనికి నల్లరేగడి తోడవుతుంది. చేలగట్ల మీద తిరిగిన బండి చాసిస్ మూలల్లో ఆ మట్టి గట్టిగా పట్టేస్తుంది. రేగడిలోని బంకమట్టి నీటిని పీల్చుకుని రోజుల తరబడి వదలదు. దెబ్బ మీద వైద్యుడు వేసిన పట్టులా అది ఇనుమును తడిగానే ఉంచుతుంది. తొట్టి అడుగున ఒలికిన యూరియా, డీఏపీ రేణువులు కూడా లవణాలే. ఎరువుల కొట్టుకు తిరిగిన పికప్‌కు తొట్టి మిగలడం అరుదు. చినగంజాం వైపు ఉప్పు కొఠార్ల నుంచి ఉప్పు తోలిన బండి సంగతి చెప్పనక్కర్లేదు.

కొనేముందు వీటిని పసిగట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఇనుప రేకుకు అది అంటుకుంటుంది. మందంగా పుట్టీ పెట్టి రంగు వేసిన చోట జారిపోతుంది. తలుపుల కింది అంచులు, చక్రాల పైకప్పులు, తొట్టి ముందు మూలలు, క్యాబిన్ నేల అలా తడిమి చూడాల్సిన చోట్లు. చాసిస్ పట్టాలను చిన్న సుత్తితో తడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొంగురుగా పలుకుతుంది. చాసిస్ వంకర తేలాలంటే తాపీమేస్త్రీ పద్ధతే శరణ్యం. సమతలమైన గచ్చు మీద బండిని నిలిపి, చాసిస్ నాలుగు మూలల నుంచి తూకపుగుండు వదిలి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, కర్ణాలు రెండూ కొలవాలి. పునాదికి మూలమట్టం చూసినట్టే, రెండు కర్ణాలూ సమానమైతే చాసిస్ తిన్నగా ఉన్నట్టు. అర అంగుళం తేడా ఉన్నా ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకున్నట్టే.

రేకు పని

విప్పడానికి ముందు బండిని మంచినీళ్లతో, అతుకుల్లోకి పైపు పెట్టి మరీ, రెండు మూడుసార్లు కడగాలి. తీరం దగ్గరి బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పును వదిలించే బదులు పూసినట్టవుతుంది. రంగు కింద క్లోరైడ్ మిగిలితే అది బయటి తేమను పొర గుండా లోపలికి లాగుతుంది. ఆరు నెలలకే కొత్త రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

చిన్న భాగాల తుప్పు వదిలించడానికి విద్యుత్తును వాడే పద్ధతి ఇంటి దగ్గరే సాధ్యం. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి బట్టల సోడా కలపాలి. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జర్ ఋణధ్రువానికి, ఒక తుక్కు ఇనుప ముక్కను ధనధ్రువానికి కలిపి రెండూ తగలకుండా ముంచాలి. తుప్పు పట్టడంలో ఎలక్ట్రాన్లు ఇనుమును వదిలాయి. ఇక్కడ ఛార్జరు వాటిని వెనక్కి తోస్తుంది. ఎర్ర తుప్పు వదులైన నల్లటి పొరగా మారి బ్రష్షుకు ఊడివస్తుంది, మంచి లోహం అరగదు. జాగ్రత్తలు మూడు. స్టీలు గిన్నె ముక్కను ధనధ్రువంగా వాడితే అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చే హైడ్రోజన్ నిప్పు తగిలితే మండుతుంది కాబట్టి పని ఆరుబయటే జరగాలి. కమాను పట్టీల వంటి గట్టి ఉక్కును ఇందులో ముంచకూడదు, హైడ్రోజన్ లోనికి చేరి దాన్ని పెళుసు చేస్తుంది.

ఇత్తడి బిందెలకు చింతపండు వాడే ఇంట్లో మరో ఉపాయం ముందే ఉంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇనుప ఆక్సైడ్‌ను పట్టి కరిగిస్తుంది. బోల్టులు, చిన్న క్లిప్పులు చింతపండు నీళ్లలో రెండు రోజులు నానితే శుభ్రమవుతాయి. పెద్ద రేకులకు మాత్రం ఇది తేలే పని కాదు. వాటికి ఇసుకను గాలితో కొట్టించే పద్ధతి ఉంది. పల్చని రేకు మీద ఎక్కువ ఒత్తిడితో కొడితే అది వంగి అలలు తేలుతుంది. పైగా మామూలు ఇసుక పగిలినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపడేలా చేసే సిలికోసిస్‌కు కారణం.

తిన్న భాగాన్ని కోసి కొత్త రేకు అతికేటప్పుడు టింకరు పనితనమంతా వేడిని అదుపులో పెట్టడంలోనే ఉంది. ఉక్కు వేడెక్కితే సాగుతుంది. మీటరు రేకు 100 డిగ్రీలకు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒకే చోట పొడవుగా వెల్డింగ్ లాగితే ఆ పెరుగుదలకు చోటు చాలక రేకు ఉబ్బుతుంది. అందుకే ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క వేసి, చల్లారనిచ్చి, మధ్యలో మరో చుక్క వేస్తూ పోవాలి. తొందరపడే షెడ్డులో ఇది జరగదు. జరగకపోతే వంకరను పుట్టీతో కప్పుతారు. పుట్టీ నీటిని పీల్చే పదార్థం, దాన్ని నేరుగా ఇనుము మీద పెడితే దాని కిందే కొత్త తుప్పు మొదలవుతుంది. శుభ్రం చేసిన రేకుకు అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పట్టించి, పుట్టీ ఆ పైన పెట్టడం సరైన వరుస. మన దగ్గర అలవాటైన రెడ్ ఆక్సైడ్ ఒక్కటే తేమను ఆపలేదు. ఉప్పుగాలికి జింక్ ఎక్కువగా ఉన్న ప్రైమర్ మరీ మంచిది. గీత పడినా ఇనుము కన్నా ముందు జింకే కరుగుతూ ఇనుమును కాపాడుతుంది.

ఇంజిన్, పెట్రోలు, ఎండ

ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజిన్‌ను నేరుగా సెల్ఫ్ కొట్టి తిప్పాలని చూస్తే ఉన్న రింగులు కూడా విరుగుతాయి. ప్లగ్గులు తీసి, కిరసనాయిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, హ్యాండిల్‌తో చేత్తో తిప్పి చూడాలి. తిరిగాక కంప్రెషన్ కొలవడం రెండో మెట్టు. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకపోతే ఇంజిన్ విప్పాల్సిన పని వెంటనే లేదు. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో. ఇంత చవకైన రోగనిర్ధారణ వైద్యశాస్త్రంలోనూ అరుదే.

బోరింగ్, క్రాంకు గ్రైండింగ్, బుష్షులు వంటి లేత్ పనులకు ఒంగోలు సరిపోతుంది. దొరకని విడిభాగం కోసం విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. మహీంద్రా జీపు ఇంజిన్ దశాబ్దాలపాటు తయారైంది కాబట్టి దాని గాస్కెట్లు, పిస్టన్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. ఎఫ్‌సీ క్యాబిన్ తలుపు మాత్రం దేశంలో ఎక్కడా కొత్తది దొరకదు.

పెట్రోలు విషయంలో పాత బండికి రెండు దెబ్బలు తగిలాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగింది. ఆ సీసం వాల్వుకూ దాని సీటుకూ మధ్య మెత్తలా ఉండేది. అది లేకపోవడంతో మెత్తని ఇనుప సీటున్న ఇంజిన్లలో వాల్వు క్రమంగా లోపలికి దిగబడుతుంది. హెడ్ విప్పినప్పుడే గట్టి ఉక్కు సీట్లు బిగిస్తే ఆ సమస్య తీరుతుంది. రెండోది, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ మిశ్రమం. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ దానికి ఉబ్బి చీలతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు మరీ చేరితే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరు పొరగా దిగి, కార్బొరేటర్‌ను తినేస్తుంది. పైగా కిలో పెట్రోలు మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 చాలు. కొత్త బండ్లలో కంప్యూటర్ ఆ తేడాను సర్దుతుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పాత జెట్టుతోనే నడిపితే పెట్రోలు పాలు తగ్గి ఇంజిన్ వేడెక్కుతుంది. మెయిన్ జెట్టును ఒక సైజు పెంచడం దీనికి మందు.

ఎండ దెబ్బ వేరు. ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలు తాకుతుంది. బానెట్ కింద అది ఇంకా ఎక్కువ. పాత జీపు పెట్రోలు పంపు ఇంజిన్‌కే అంటుకుని ఉంటుంది. పెట్రోలు గొట్టంలోనే ఆవిరైతే పంపు ఆవిరిని నెట్టలేదు, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు చెట్టు నీడన ఆగేవారు. తడి ఆరుతూ పంపు వేడిని తీసుకుపోతుంది, ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మరో పాత అలవాటు. గట్టి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గొట్టాల లోపల గారలా పేరుకుంటాయి. గార వేడిని లోహం కన్నా ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. నీళ్లు నిండుగా ఉన్నా ఇంజిన్ మరుగుతుంటే లోపల గార కట్టిందనే అనుమానించాలి. శుద్ధజలంలో కూలెంట్ కలిపి పోయడమే సరైనది. పత్తి మోసిన బండ్లలో దూది పోగులు రేడియేటర్ బయటి రెక్కల సందుల్లోనూ దూరి ఉంటాయి.

పాత బండిలో తీసేయకూడని భాగం ఒకటుంది. అది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. లోపలికి వచ్చిన గాలి అడుగునున్న ఆయిల్ వైపు దిగి ఒక్కసారిగా వెనక్కి మళ్లుతుంది. గాలి తేలిక కాబట్టి మలుపు తిరుగుతుంది. దుమ్ము రేణువు బరువు వల్ల తిరగలేక తిన్నగా వెళ్లి ఆయిల్‌లో పడుతుంది. కల్లాల దుమ్ముకు ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు. వారం వారం అడుగున చేరిన బురద తీసి కొత్త ఆయిల్ పోస్తే చాలు.

కమాన్లు, బ్రేకులు, తీగలు

విరిగిన కమాను పట్టీని వెల్డింగ్ చేయించడం పెద్ద పొరపాటు. కమాను ఉక్కుకు సాగే గుణం వచ్చింది దాన్ని కాల్చి, ముంచి, మళ్లీ మితంగా కాల్చిన పద్ధతి వల్ల. వెల్డింగ్ వేడికి ఆ గుణం పోయి అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. పాత కమాను కట్టను విప్పి, పట్టీల మధ్య తుప్పు తీసి, గ్రాఫైట్ గ్రీజు రాసి కట్టితే చాలావరకు కొత్తదానిలా ఊగుతుంది.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము ఊడదీయగానే గాలి కొట్టి దుమ్ము లేపడం షెడ్డుల్లో రోజూ కనిపించే దృశ్యం, ప్రమాదకరమైనది కూడా. తడిగుడ్డతో తుడవడం వల్ల ఆ సన్నని నారలు ఊపిరిలోకి పోవు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. మామూలు డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఎన్నేళ్లుగానో మార్చని ఆయిల్‌తో ఘాట్ దిగితే పెడల్ కిందికి దిగిపోతుంది, బండి ఆగదు.

తొలికాలపు జీపులు ఆరు వోల్టులవి. అదే 60 వాట్ల దీపానికి ఆరు వోల్టుల్లో 10 ఆంపియర్లు, పన్నెండులో 5 ఆంపియర్లు పారతాయి. కరెంటు రెట్టింపైతే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగింతలు. అందుకే పాత వైరింగు లావుగా ఉంటుంది. సన్నని కొత్త తీగలు లాగి ఆరు వోల్టులే ఉంచితే దీపాలు మినుకుమంటాయి.

ఎంతవరకు బాగుచేయాలి

పాత వాహన ప్రియుల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. దాని లెక్కలో ముప్పై ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడని బండే చారిత్రక వాహనం. ఆ సంస్థ 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం సారాంశం, మిగిలిన అసలు భాగాన్ని వీలైనంత కాపాడాలని, కొత్తగా వేసినది కొత్తదని తెలియాలని. పికప్ విషయంలో ఈ మాటకు విలువ ఎక్కువ. తొట్టి అంచున బస్తాలు ఒరిసి ఏర్పడిన నునుపు, తలుపు మీద చేత్తో రాసిన ఊరి పేరు, వెనుక పలక మీద పెయింటర్ వేసిన బొమ్మ బండి జీవితచరిత్ర. అద్దంలా మెరిసే కొత్త రంగు కింద అవన్నీ మాయమవుతాయి. తుప్పు ఆపడం అవసరం, గుర్తులు చెరపడం అవసరం కాదు. ఇక పాత రంగుల్లో సీసం సమ్మేళనాలు ఉంటాయి కాబట్టి పొడిగా గీకకుండా వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దాలి.

భారతదేశంలో హద్దు ముప్పై కాదు, యాభై. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమాలకు చేర్చిన సవరణ ప్రకారం, తొలిసారి అమ్మిన నాటి నుంచి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న సొంత వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, ఆ తర్వాతి నమోదుకు 5,000. పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. పాత జీపు, తొలి మెటడోర్ ఈ వయసు దాటేశాయి. జహీరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌కు 2030ల దాకా ఆగాలి. డీజిల్ ఇంజిన్ పెట్టించిన జీపుకు 'అసలు రూపం' అన్న మాట దగ్గరే చిక్కు వస్తుంది. ఆర్సీలో సరకుల బండి అని రాసి ఉన్న పికప్ ఏ కోవలోకి వస్తుందో డబ్బు చేతులు మారకముందే రవాణా కార్యాలయంలో అడిగి తేల్చుకోవాలి.

వీఏ నంబరు బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. వ్యాపారానికి అసలే పనికిరాదు. ఒకప్పుడు సింగరాయకొండ నుంచి గుంటూరు మిర్చి యార్డుకు సరకు తోలిన పికప్ అయినా సరే, ఆ నంబరు పడ్డాక అందులో ఒక్క బస్తా కిరాయికి వేసినా నిబంధన తప్పినట్టే.